స్టోరేజ్ కార్డుల మీది వీఎఫ్‌లు తీసేస్తున్నాం

నమస్కారం.

మీ వీఎంలకు (సర్వర్‌లో నడిచే వర్చువల్ మెషీన్లకు) స్టోరేజ్ కార్డు నుంచి నేరుగా ఇచ్చిన వర్చువల్ ఫంక్షన్లను, అదే మన భాషలో వీఎఫ్‌లను, ఒక్కో సర్వర్ చొప్పున తీసేస్తున్నాం. స్పీడ్ బాగుంటుందని మీకు నచ్చజెప్పి మరీ ఇచ్చింది నేనే. కాబట్టి ఎందుకు తీస్తున్నానో కూడా నేనే చెప్పాలి.

స్పీడ్ మాట అబద్ధం కాదు. ఎస్ఆర్-ఐఓవీ (ఒకే కార్డును పలు వీఎంలకు పంచే పద్ధతి) ఉన్న ఫైబర్ ఛానల్ కార్డు, అంటే సర్వర్‌ని స్టోరేజ్‌కి కలిపే కార్డు, ఒక్కటే అయినా పది చిన్న కార్డుల్లా కనిపిస్తుంది. ఆ చిన్న కార్డులే వీఎఫ్‌లు. ఒక్కోదానికి సొంత డబ్ల్యూడబ్ల్యూఎన్, అంటే 16 హెక్స్ అంకెల గుర్తు. డేటా హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) జోలికి పోకుండా నేరుగా వీఎం మెమరీలోకి దిగుతుంది.

చిక్కంతా వీఎఫ్‌ల సంఖ్య మార్చాల్సి వచ్చినప్పుడే. లినక్స్‌లో ఉన్న నాలుగుకి ఇంకొకటి కలపడం కుదరదు. ముందు సున్నా చేసి, ఆ తర్వాతే ఐదు అనాలి. ఒకరికి కొత్తగా ఇవ్వాలంటే ఆ పోర్టు మీదున్న అందరినీ దింపాలన్నమాట. ఆమధ్య ఒక రాత్రి మీలో కొందరి డిస్కులు మాయమైంది ఇలాగే. పాత డబ్ల్యూడబ్ల్యూఎన్‌లు రాసి పెట్టుకోకుండా నేను సున్నా కొట్టేశాను. కొత్త వీఎఫ్‌లు కొత్త గుర్తులతో లేచాయి. స్విచ్‌లో జోనింగ్ (ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో చెప్పే జాబితా), స్టోరేజ్‌లో లన్ మాస్కింగ్ (ఏ లన్, అంటే స్టోరేజ్ ఇచ్చే ఏ డిస్కు, ఎవరికి కనబడాలో చెప్పే జాబితా) రెండూ పాత గుర్తులకే కట్టి ఉన్నాయి. మీ డేటా ఎక్కడికీ పోలేదు గానీ గుమ్మం దగ్గర మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు లేకపోయారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. తప్పు కార్డుది కాదు, నాదే.

పైగా వీఎఫ్ తగిలించిన వీఎంని నడుస్తుండగా వేరే సర్వర్‌కి మార్చడం మా ఏర్పాటులో కుదరడం లేదు. కార్డు ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చాలన్నా మిమ్మల్ని ఆపాల్సిందే.

ఇకపై కార్డు హోస్ట్ (మీ వీఎం నడిచే అసలు సర్వర్) దగ్గరే ఉంటుంది, మీకు వర్ట్‌ఐఓ డిస్క్, అంటే హైపర్‌వైజర్ ద్వారా అందే వర్చువల్ డిస్క్, వస్తుంది. మీ సర్వర్ వంతు వచ్చినప్పుడు ముందు వీఎం ఆపుతాం, వీఎఫ్ విడదీస్తాం, అదే లన్‌ని హోస్ట్‌కి చూపించి వీఎం లేపుతాం. అందరూ దిగాకే సున్నా. జోన్లలోంచి పాత గుర్తులు తుడిచేయడం చిట్టచివర. వాటిని మరిచిపోతే రేపు అదే గుర్తు ఇంకొకరికి వెళ్లి మీ డిస్క్ వాళ్లకి కనబడొచ్చు. ఈసారి జాబితా కాగితం మీద కూడా ఉంది.

మీ వైపు ఒకటే పని. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (లినక్స్ ఏ డిస్క్‌ని ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలు) ఎస్‌డీబీ లాంటి డిస్క్ పేర్లుంటే యూయూఐడీకి, అంటే ఫైల్ సిస్టమ్‌కుండే మారని గుర్తుకి, మార్చండి, ఎందుకంటే ఆ పేర్లు వీడీబీ లాగా మారిపోతాయి. మల్టీపాత్ (ఒకే డిస్క్‌కి ఒకటికంటే ఎక్కువ దారులు వాడటం) ఇక హోస్టే చూసుకుంటుంది.

మా పరీక్షల్లో వెబ్‌సైట్లకు తేడా తెలియలేదు. చిన్న చిన్న రీడ్లు విపరీతంగా చేసే డేటాబేస్‌లకు మాత్రం లేటెన్సీ (జవాబు రావడానికి పట్టే సమయం) పెరిగింది, దాచను. అది మీకు ఇబ్బందైతే మీ సర్వర్ వంతు రాకముందే చెప్పండి. మీ ఒక్కరికే ఒక పోర్టు మొత్తం ఇచ్చే దారి ఉంది. పంచుకునేవాళ్లుండరు కాబట్టి ఇంకొకరి కోసం మిమ్మల్ని దింపే పని ఉండదు. ఫర్మ్‌వేర్ రోజున ఆగడం మాత్రం తప్పదు.