పెట్టెలో పడుకున్నవాళ్ల పేర్లు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంద్రజాలికుల మీద వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది. పి.సి. సర్కార్ 1956లో బీబీసీలో అమ్మాయిని రంపంతో కోసిన సంగతి రాశారు. ఆమె లేచి నిలబడక ముందే కార్యక్రమం ముగిసిపోవడం, చచ్చిపోయిందేమోనని జనం ఫోన్ల మీద ఫోన్లు చేయడం, అన్నీ ఉన్నాయి. అమ్మాయి పేరే లేదు. ఆమె పేరు దీప్తి డే. అప్పటికి పదిహేడేళ్లు.

ఇంత చిన్న విషయానికి ఉత్తరమా అనుకుంటారేమో. నేను ఇరవై ఒక్క ఏళ్లు అలాంటి పెట్టెలో పడుకున్నదాన్ని. మా ఆయన మెజీషియన్. పోస్టర్ మీద ఆయన ఫొటో, ఆయన పేరు, కింద సన్నగా 'బృందం' అని. బృందమంటే నేను, డ్రమ్ములు వాయించే కుర్రాడు, ఒక పావురం.

లోపల ఏం చేస్తామో చెప్పను. మా ఆయన ఇప్పటికీ ఆ పెట్టెకి తాళం వేసే ఉంచుతారు. అయినా ఒకటి చెప్పొచ్చు. బయట ఆయన చేతులు తిప్పుతూ మాటలు చెబుతుంటే అసలు కష్టం చీకట్లో సాగుతుంటుంది. డ్రమ్ము దెబ్బలు లెక్కపెట్టుకుంటూ, మోకాలు పట్టేసినా కదలకుండా ఉండాలి. బయటికి రాగానే ముందు నవ్వాలి, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకోవాలి.

ఒకసారి గడియ బిగుసుకుపోయింది. ఆయన జనానికి జోకులు చెబుతూనే పెట్టె మీద వేలితో తట్టారు. 'బాగున్నావా' అని మా కోడు. నేను రెండుసార్లు తట్టాను. అదీ ఐటమ్‌లో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి ఆయన మేకప్ తుడుచుకోలేకపోయారు, చేతులు అంతలా వణికాయి. ఆయన టెన్షన్ కూడా ఏ పేపర్లోనూ రాలేదు లెండి.

1921లో లండన్‌లో సెల్‌బిట్ అనే మెజీషియన్ ఈ కోత ఐటమ్ మొదలుపెట్టినప్పుడు, స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్‌ని పెట్టెలో పడుకోవడానికి ఉద్యోగానికి రమ్మన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. నాకైతే జీతం అడగాలని కూడా తట్టలేదు, పెళ్లాన్ని కదా!

కట్లు తెంచుకుని బయటపడే మెజీషియన్ హూడినీకి మీరు అర పేజీ ఇచ్చారు. ఆయన ట్రంకులోంచి బయటపడితే, రెప్పపాటులో ఆయన స్థానంలో కట్లతో ఉండేది భార్య బెస్. ఆ దంపతులకీ ఒక రహస్య కోడు ఉండేది. 1926లో ఆయన పోయాక, ఎక్కడినుంచైనా ఆ కోడు వినిపిస్తుందేమోనని ఆవిడ పదేళ్లు ఎదురుచూసింది. ఇది చదివినప్పుడల్లా నాకు ఆ తట్టిన వేలే గుర్తొస్తుంది.

వచ్చే ఆదివారం దీప్తి డే పేరుతో ఒక్క లైను సవరణ వేయండి. మెజీషియన్ ఫొటో మళ్లీ వేయనక్కర్లేదు.

ఇట్లు,
ఒక మెజీషియన్ అసిస్టెంట్ (రిటైర్డ్)