మీ ఫైళ్లు పోలేదు, కానీ ఇంకొంచెం ఆలస్యం అవుతుంది

పాత ఆల్బమ్ ఫైళ్లు అడిగినవాళ్లందరికీ ఈమధ్య "సర్వర్ మారుస్తున్నాం, కాస్త ఆగండి" అనే చెప్తూ వచ్చాం. ఇన్నేళ్లుగా మా స్టూడియోకే వస్తున్న మీకు అసలు సంగతి చెప్పాలి.

ముందు ఒక మాట, మీ ఫొటోలు, వీడియోలు ఒక్కటి కూడా పోలేదు. అన్నీ పాత సర్వర్‌లో భద్రంగా ఉన్నాయి, దాన్ని రీడ్ ఓన్లీలో పెట్టేశాం, అంటే చదవడమే తప్ప అందులో ఏదీ మార్చడం కుదరదు.

పని ఆగింది కొత్త నాస్ దగ్గర, అంటే ఆ ఫైళ్లన్నీ కాపీ చేస్తున్న, నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్కుల పెట్టె దగ్గర. మేం అడిగింది సీఎంఆర్ డిస్కులు, అంటే డేటా రాసే గీతలు (ట్రాకులు) దేనికది విడిగా ఉండేవి, బిల్లు మీద కూడా అదే ఉంది, సప్లయర్ పంపింది మాత్రం ఎస్ఎంఆర్. ఈ ఎస్ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు పెంకుల్లాగా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, అందుకని ఒక చోట మార్చి రాయాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. మామూలు వాడకానికి పర్లేదు, టెరాబైట్ల కొద్దీ ఆపకుండా రాస్తుంటే మాత్రం స్పీడ్ బాగా పడిపోతుంది, ఒక్కోసారి డిస్కు ఎంతకీ జవాబివ్వక రెయిడ్ (చాలా డిస్కుల్ని కలిపి ఒకటిగా నడిపే ఏర్పాటు) దాన్ని పాడైందనుకుని పక్కన పెట్టేస్తుంది. కాపీ సగంలో ఉండగా మాకు సరిగ్గా అదే అయింది. సప్లయర్‌ని అడిగితే "అన్నీ డిస్కులే కదండీ" అన్నాడు! డబ్బు సంగతి వదిలేయండి, ఆ మాటే నాకింకా మింగుడు పడట్లేదు. డిస్కులు వేరే చోట కొని ఒక్కొక్కటే మార్చి రీబిల్డ్ చేయించాం (మార్చిన డిస్కులోకి డేటా మళ్లీ నింపించాం), ఇక ఆయన దగ్గర కొనేది లేదు.

తర్వాత నన్ను నిద్రపోనివ్వనిది ఒకటే, ఆగినచోటి నుంచి కొనసాగించాలా, మొత్తం తుడిచి మొదటి నుంచి చెయ్యాలా. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్‌తో కొనసాగిస్తే తొందరగా అయిపోతుంది, ఎందుకంటే సైజు, తేదీ రెండూ కలిస్తే ఆ ఫైల్ వచ్చేసిందనుకుని దాటేస్తుంది. అందరూ అదే చెయ్యమన్నారు. నేను కొత్తదాంట్లో ఒక పెళ్లి ఫోల్డర్ తెరిచి చూశా. ఒక ఫొటోలో పెళ్లికూతురి మొహం వరకు బాగానే ఉంది, అక్కడి నుంచి కింద అంతా బూడిద రంగు. సైజు అదే, తేదీ అదే!

అందుకే తుడవకుండానే కొనసాగిస్తున్నాం, కాకపోతే చెక్‌సమ్ పెట్టి. అంటే వచ్చేసిన ఫైళ్లని కూడా రెండు వైపులా మొదటి బైట్ నుంచి చివరిదాకా చదివి పోల్చి, తేడా ఉన్నవి మళ్లీ కాపీ చేస్తుంది. మా గిగాబిట్ నెట్‌వర్క్ లైన్ మీద ఒక టెరాబైట్ కాపీకే ఎంత బాగా నడిచినా రెండున్నర గంటలు, చిన్న ఫైళ్లయితే ఇంకా ఎక్కువ, దాని మీద ఈ చదువుడు ఒకటి. ఎంత టైమ్ పట్టినా సరే, ఇందులో మాత్రం తగ్గను.

అప్పటిదాకా పాత డౌన్‌లోడ్ లింకులు పనిచెయ్యవు. అర్జెంటుగా కావాలంటే మెసేజ్ పెట్టండి, పాత సర్వర్ నుంచి మేమే తీసి పంపిస్తాం. రెయిడ్ ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు కాబట్టి ఇంకో కాపీ విడి డిస్కుల్లో, వేరే చోట పెడుతున్నాం. అది కూడా చెక్ అయ్యేదాకా పాత సర్వర్‌లో ఒక్క ఫైల్ కూడా డిలీట్ చెయ్యం.