భార్యాభర్తలు పాత్రికేయులు కారట!

సంపాదకుడు గారికి,

నమస్కారం. "వలస భాషల పత్రికలకు కెనడా సర్కారు అండ" అని మీ ఆదివారం సంచికలో వచ్చిన వార్త గురించి రాస్తున్నాను. అది అచ్చయి పది రోజులు దాటిందని తెలుసు. నా ఆలస్యానికి కారణం కూడా ఈ గొడవలోదే. 2023 ఆగస్టు నుంచి కెనడాలో ఫేస్‌బుక్‌లో గానీ ఇన్‌స్టాగ్రామ్‌లో గానీ వార్తా సంస్థలు పెట్టేవేవీ మాకు కనిపించవు. ఇక్కడి పత్రికలే కాదు, మీ పేజీ కూడా అంతే. ఎందుకో కింద చెబుతాను. విజయవాడలో ఉన్న మా చెల్లెలు పేపరు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. దాని బొటనవేలు అడ్డొచ్చిన నాలుగు లైన్లు పోగా మిగతాది చదివాను. ఆ నాలుగు లైన్లలో అసలు సంగతి ఏమైనా ఉందేమో గానీ, చదివిన దాంట్లో మాత్రం లేదు.

నేను టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడొక తెలుగు మాసపత్రికకు ప్రూఫులు దిద్దుతాను. జీతం లేదు, నేను అడగలేదు, వాళ్ల దగ్గర లేదు. నడిపేది భార్యాభర్తలు. ఆయన పగలు ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తాడు, ఆవిడ సాయంత్రం డేకేర్ నుంచి వచ్చాక పేజీలు పెడుతుంది. పత్రికాఫీసు అంటే వాళ్ల భోజనాల బల్ల. పులిహోర గిన్నె పక్కకు జరిపితే లాప్‌టాప్, లాప్‌టాప్ జరిపితే అడ్రసు లేబుళ్లు. నెలాఖరు శనివారం కట్టలు కారు డిక్కీలో వేసుకుని ఆయనే ఇండియన్ గ్రోసరీ షాపులన్నీ తిరుగుతాడు. షాపు గుమ్మం దగ్గర ఇనప స్టాండు ఉంటుంది, పంజాబీవీ గుజరాతీవీ తమిళానివీ పక్కన మాది. రెండు రోజులు ఆగి వెళితే మా కట్ట మీద అరటికాయల అట్టపెట్టె ఉంటుంది. ఒకావిడ మునక్కాడలు చుట్టుకోవడానికి నా కళ్ల ముందే మూడు కాపీలు తీసుకుంది. ఒక్కటి చదువుతుందిలే అని నేను సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు మీ వార్తలోని "అండ" సంగతి. లెక్కలు తప్పని నేననను. 2018 చివర్లో కెనడా ప్రభుత్వం వార్తా రంగానికి ఐదేళ్లకు సుమారు 60 కోట్ల డాలర్లు అని ప్రకటించారు. అందులో పెద్ద ముక్క పాత్రికేయుల జీతాల మీద పన్ను రాయితీ. మొదట 55,000 డాలర్ల జీతం దాకా 25 శాతం, 2023 నుంచి 85,000 దాకా 35 శాతం. పన్ను కట్టాల్సింది లేకపోయినా చేతికొచ్చే డబ్బు అది. బాగుంది కదా? అర్హతల దగ్గర చూడండి. పత్రికలో కనీసం ఇద్దరు పాత్రికేయులు ఉద్యోగులుగా ఉండాలి, ఆ ఇద్దరికీ యజమానితో బంధుత్వం లాంటి లంకె ఏదీ ఉండకూడదు. అంటే పెళ్లాం రాసింది వార్త కాదు, కొడుకు తీసింది ఫొటో కాదు. కుటుంబాన్ని చూపించి డబ్బు తినేస్తారని వాళ్ల భయం, అది నాకూ అర్థమవుతుంది. కానీ వలస భాషలో పత్రిక నడిపేది కుటుంబం కాక ఇంకెవరండీ? బయటివాళ్లను జీతానికి పెట్టుకునే స్తోమతే ఉంటే ఈ రాయితీ కోసం ఎందుకు పడి ఉంటాం?

మా ఎడిటరు గారు ఒకసారి ఏదో సాయానికి దరఖాస్తు పెట్టాడు. ఏ ఆఫీసో చెప్పను, మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. నలభై చిల్లర పేజీలు. అక్కడినుంచి ఫోన్ చేసినవాడు మర్యాదగానే అడిగాడట, "మీ భార్య మీ దగ్గర ఉద్యోగా?" అని. ఈయన నిజం చెప్పాడు, "కాదు, నేనే ఆవిడ దగ్గర ఉద్యోగిని" అని. వాడు నవ్వలేదట. ఆ దరఖాస్తు అక్కడితో సరి.

ఇంకో తమాషా. గూగుల్ లాంటి కంపెనీలు పత్రికలకు డబ్బు చెల్లించాలని 2023లో ఇదే ప్రభుత్వం ఆన్‌లైన్ వార్తల చట్టం తెచ్చింది. అందులోనూ ఇద్దరు పాత్రికేయుల నియమం ఉంది, కాకపోతే ఆ ఇద్దరూ యజమానులైనా ఫర్వాలేదు, బంధువులైనా ఫర్వాలేదు అని స్పష్టంగా రాశారు. అదే మొగుడూ పెళ్లాలు, అదే భోజనాల బల్ల. ఒక చట్టంలో పాత్రికేయులు, ఇంకో చట్టంలో కారు. రెండూ రాసినవాళ్లు ఒకే ఊళ్లో, రాజధాని ఒట్టావాలో కూర్చున్నారు, మధ్యాహ్నం కాఫీ కూడా ఒకే చోట తాగుతుంటారేమో. పోనీ ఆ డబ్బన్నా చూద్దామంటే, గూగుల్ ఏటా ఇచ్చే 10 కోట్ల డాలర్లను పంచేది పాత్రికేయుల పనిగంటల లెక్కన. వంద మంది ఉన్నవాడికి వంద మందికి తగ్గట్టు, ఇద్దరున్నవాడికి ఇద్దరికి తగ్గట్టు. లెక్క న్యాయమే, కాదనను.

ఫేస్‌బుక్ వాళ్లు మాత్రం డబ్బు కట్టే బదులు వార్తలనే ఆపేశారు. మా పత్రికకు వెబ్‌సైటు పేరుకే, చదివేవాళ్లంతా ఫేస్‌బుక్ పేజీలోనే ఉండేవారు. ఇప్పుడు మా పేజీ తెనాలిలో ఉన్న మా మేనమామకు కనిపిస్తుంది, మా పక్క ఊరు బ్రాంప్టన్‌లో ఉన్న చందాదారుకు కనిపించదు. చట్టం చేసేటప్పుడు ఇలాంటి పత్రికల గతేమిటని ఎవరైనా ఆలోచించారా? 2021లో టీకాల గందరగోళంలో మా పక్కింటి సుబ్బలక్ష్మి గారి అత్తగారికి ఎక్కడికెళ్లాలో తెలిసింది మా పత్రిక పెట్టిన పోస్టు చూసే. మా ఊరున్న పీల్ ప్రాంతంలో కోవిడ్ కేసులు ఎలా ఉండేవో ఇక్కడివాళ్లకు గుర్తుంటుంది.

పత్రికలకు కెనడా ప్రభుత్వమే ఇచ్చే సాయం, పీరియాడికల్ ఫండ్ అని ఇంకోటుంది. దాని అసలు పద్దు డబ్బిచ్చి కొన్న కాపీల లెక్క మీద నడుస్తుంది. వలస భాషలవాళ్లకు ఇన్ని కాపీలు అమ్మాలన్న గీత కాస్త కిందికి దించారు, ఉచితంగా పంచేవాళ్లకు తర్వాతెప్పుడో వేరే పద్దు పెట్టారు, అదీ ఒప్పుకుంటాను. కానీ మాకు చందా కట్టేవాళ్లెవరంటే డెబ్బై దాటిన పెద్దవాళ్లు, వాళ్లకు పత్రిక పోస్టులోనే వెళ్లాలి. 2024లో తపాలా సమ్మె నవంబరు 15న మొదలై డిసెంబరు 17 దాకా నడిచింది. మా కార్తీకమాసం సంచిక ధనుర్మాసంలో చేరింది. పోలి పాడ్యమి ఎప్పుడో చెప్పే పేజీ తిరుప్పావై మొదలయ్యాక చదివి ఏం చేసుకుంటారు? ఫోన్లు మాత్రం నాకొచ్చాయి.

అసలు మాకు గ్రాంటు కంటే కావలసింది ప్రకటనలు. పన్నుల గడువు, ఆరోగ్య కార్డు, ఎన్నికల తేదీ, ఇవన్నీ మావాళ్లకూ కావాలి కదా. పావు పేజీ ఇచ్చి రేటు ప్రకారం డబ్బు కడితే చాలు, నలభై పేజీల దరఖాస్తుతో పని లేదు. మా రాష్ట్రం ఒంటారియో ప్రభుత్వం 2024లో తన పెద్ద సంస్థలు నాలుగింటిని, మద్యం షాపులు లాటరీలు ఆ బాపతువి, ప్రకటనల ఖర్చులో 25 శాతం ఇక్కడి పత్రికలకే పెట్టమంది. మంచి పని. వరలక్ష్మీవ్రతం పేజీ పక్కన వైన్ ప్రకటన వేయాలా వద్దా అని మా ఎడిటరు దంపతులు ఇప్పటినుంచే పోట్లాడుకుంటున్నారు. వచ్చినప్పుడు చూద్దాం. ఈలోగా ఏటా జూన్ 27న బహుళ సంస్కృతుల దినోత్సవం వస్తుంది, నాయకులు కండువాలు కప్పుకుని "నమస్తే" అంటారు, 1971లో ప్రపంచానికే దారి చూపామంటారు. ఆ ఫొటోలు వేసేది మేమే, ఉచితంగా.

మనవాళ్ల సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. రెండు రాష్ట్రాల నుంచీ మంత్రులు తెలుగు సభలకని విమానాల్లో దిగుతారు, శాలువాలు కప్పించుకుంటారు, "ఇంత దూరంలో తెలుగును బతికిస్తున్నారు" అని గొంతు తడి చేసుకుంటారు. వాళ్లలో ఒక్కరైనా మా పత్రికకు చందా కట్టారా? అక్కడి పత్రికలకు మాత్రం ప్రభుత్వ ప్రకటనలు, వంద రోజుల పాలనకో పేజీ, ఏడాదికో పేజీ, పుట్టినరోజుకో పేజీ. కోపం తెచ్చుకోకండి, మీ మొదటి పేజీనే తీసుకోండి. వార్త మొదలయ్యేది మూడో పేజీలో. మా చెల్లెలు ఆ పేజీ కూడా ఫొటో తీసింది, పొరపాటున.

ఈ ఉత్తరం పొడుగైందని కత్తిరిస్తే పోస్టు సమ్మె పేరా తీసేయండి, మంత్రుల పేరా కూడా ఎలాగూ తీసేస్తారు. పన్ను రాయితీకి బంధువులు పనికిరారన్న మాట మాత్రం ఉంచండి, మీ వార్తలో లేనిది అదే. అచ్చయితే మా చెల్లెలికి చెబుతాను, ఈసారి వేలు అడ్డం పెట్టకుండా ఫొటో తీయమని.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మిస్సిసాగా