ఒక్క ప్రొఫార్మా కోసం మాక్రోలన్నీ ఆన్ చేసుకోమంటారా?

ఎడిటర్ గారికి,

నేను ప్రభుత్వ హైస్కూల్లో జూనియర్ అసిస్టెంట్‌ని. పోయిన నెల పై ఆఫీసు నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒక వర్డ్ ప్రొఫార్మా వచ్చింది, అర్జంట్, సాయంత్రం నాలుగింటిలోగా నింపి పంపాలి అని. తెరిస్తే పైన పసుపు పట్టీ, మాక్రోలు (ఫైల్ లోపల దాక్కుని ఉండే చిన్న ప్రోగ్రాంలు) ఆపేశామని. కొందరికి పట్టీ వచ్చింది, కొందరికి అదీ రాలేదు, బాక్సులు మాత్రం పనిచేయలేదు. గ్రూపులో అడిగితే పది నిమిషాల్లో స్క్రీన్‌షాట్‌తో సహా జవాబొచ్చింది. వర్డ్ భద్రత సెట్టింగులుండే ట్రస్ట్ సెంటర్‌లో మాక్రో సెట్టింగ్స్‌కి వెళ్లి అన్నిటికన్నా కింద ఉన్న 'ఎనేబుల్ ఆల్ మాక్రోస్' పెట్టుకోవాలట. ఇలా చేయడం మంచిది కాదు, ప్రమాదకరమైన కోడ్ నడవొచ్చు అని మైక్రోసాఫ్ట్ వాళ్లే ఆ ఆప్షన్ పక్కన రాసి పెట్టారు. ఆ ముక్క స్క్రీన్‌షాట్‌లో కూడా కనిపిస్తోంది! అయినా నాలుగింటి టెన్షన్‌లో ఎవరు చదువుతారు, అందరూ పెట్టేసుకున్నారు, నేనూ పెట్టాను.

పని అయిపోయాక మళ్లీ మార్చుకోండి అని మాత్రం ఎవరూ మెసేజ్ పెట్టలేదు. ఆ సెట్టింగ్ ఆ ఒక్క ఫైల్‌కి కాదు, ఇక మీదట ఆ సిస్టంలో తెరిచే ప్రతి వర్డ్ ఫైల్‌కీ వర్తిస్తుంది. పే బిల్లులు, పిల్లల ఆధార్ నకళ్లు, టీసీలు అన్నీ ఉన్నది ఆ సిస్టంలోనే.

మాక్రో కూడా ఒక ప్రోగ్రామే. మంచి పనికీ వాడొచ్చు, చెడ్డ పనికీ వాడొచ్చు. 1999 మార్చిలో, నేను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్‌కి ప్రాక్టీసు చేస్తున్న రోజుల్లో, మెలిస్సా అనే వైరస్ ఇలాగే ఒక వర్డ్ ఫైల్‌లో కూర్చుని ప్రపంచమంతా తిరిగింది. ఫైల్ తెరిచినవాళ్ల ఔట్‌లుక్ అడ్రస్ పుస్తకంలోని మొదటి 50 మందికి తనంతట తానే మెయిల్ అయిపోయేది. తెలిసినవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది కదా అని వాళ్లూ తెరిచేవారు. మా గ్రూపులో జరుగుతున్నదీ అదే కదండీ, ఎవరు పంపారో చూస్తాం, ఏం పంపారో చూడం.

ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలు వాటంతట అవే నడవకుండా 2022లో మైక్రోసాఫ్ట్ అడ్డుకట్ట వేసింది (మధ్యలో జూలైలో కొన్నాళ్లు ఆపి, అదే నెలలో మళ్లీ మొదలుపెట్టారు). డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌కి విండోస్ ఒక గుర్తు వేస్తుంది, దాన్ని చూసి వర్డ్ ఆపుతుంది. కానీ మనం మామూలుగా వాడే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఆ గుర్తు పోతుంది. మరి మా మండలంలో సగం ఫైళ్లు తిరిగేది పెన్‌డ్రైవ్‌ల మీదే.

అసలా ప్రొఫార్మాలో మాక్రో ఏం చేస్తోందా అని తర్వాత తీరిగ్గా ఆల్ట్ ఎఫ్11 కొట్టి చూశాను. మండలాల పేర్లు లిస్టుగా చూపించడం, తేదీ వేయడం, ఫోన్ నంబరులో పది అంకెలున్నాయో లేదో చూడటం, అంతే. లిస్టూ తేదీ మాక్రో లేని మామూలు వర్డ్ ఫైల్‌లోనే పెట్టుకోవచ్చు, డెవలపర్ ట్యాబ్‌లో ఉంటాయి. అంకెలు లెక్కపెట్టడం ఫైళ్లు అందుకునే చోట చేసుకుంటే ఏం పోయింది?

మాక్రో నిజంగా తప్పదనుకుంటే పంపే ఆఫీసే దానికి డిజిటల్ సంతకం (ఆ కోడ్ ఎవరిదో కంప్యూటర్ సరిచూసుకునే గుర్తు) చేసి పంపాలి. అప్పుడు మేం మూడో ఆప్షన్, అంటే సంతకం ఉన్నవి తప్ప మిగతావన్నీ ఆపేది, పెట్టుకుంటే సరిపోతుంది. సార్ల దగ్గర డీఎస్‌సీ టోకెన్ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్ ఉండే యూఎస్‌బీ) ఉందిగా అంటారేమో, కాగితాల మీద సంతకానికి తీసుకున్నది దీనికి పనికిరాదు, కోడ్ సంతకానికి వేరే సర్టిఫికెట్ కావాలి. వర్డ్‌కి నమ్మకమైన ఫోల్డర్ అని ఒకటి చూపించి అందులో ఫైల్ పెట్టుకునే పద్ధతీ ఉంది. కాకపోతే అది అందరూ వాడే షేర్డ్ ఫోల్డర్ అయి, అందులోకి ఎవరు పడితే వాళ్లు ఫైళ్లు వేయగలిగితే ఇక నమ్మకం ఏముంది? రాసే హక్కు ఒకరిద్దరికే ఉండాలి.

పెద్ద కంపెనీల్లో ఈ సెట్టింగులన్నీ ఐటీ వాళ్లు ఒక్కచోట నుంచే బిగించేస్తారట, ఉద్యోగి మార్చాలన్నా కుదరదు. మా స్కూళ్లలో ఏ సిస్టం దానిదే, చూసేవాళ్లు లేరు, నేర్పించేవాళ్లూ లేరు. యాంటీవైరస్ గడువు ఎప్పుడు తీరిందో కూడా మా హెచ్‌ఎం గారికి నేను చెబితేనే తెలిసింది. అందుకే సెట్టింగ్ విషయంలో పంపేవాళ్లదే బాధ్యత అంటున్నాను.

అధికారులను కోరేది ఒక్కటే. ఏ గ్రూపులో ఆ స్క్రీన్‌షాట్ పెట్టారో అదే గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టండి, అందరూ రెండో ఆప్షన్‌కి, అంటే మాక్రోలు ఆపి ఆ సంగతి మనకి చెప్పే దానికి, వెనక్కి మార్చుకోమని. వర్డ్‌లో మారిస్తే ఎక్సెల్‌లో మారదు, అక్కడ విడిగా చూసుకోవాలని కూడా రాయండి. సగం మంది పే బిల్లుల కోసం ఎక్సెల్‌లోనూ అదే పెట్టుకుని ఉన్నారు.

– ఒక జూనియర్ అసిస్టెంట్, పశ్చిమ గోదావరి జిల్లా