మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎద్దు మెడ మీద కాడి దించాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది కర్నూలు, పశువుల ఆస్పత్రుల్లో ఉద్యోగం చేసి రిటైర్ అయినాను. మా అమ్మాయి వాళ్లు ఫ్లోరిడాలో ఉంటారు, పోయినసారి వాళ్ల దగ్గరికి పోయినప్పుడు ఓర్లాండోలో ఒక థీమ్ పార్క్ రిసార్ట్‌లో జంతు సంక్షేమం మీద సదస్సు ఉందంట, నీ పనే కదా నాన్నా పోయిరా అని పేరు రాయించింది. అక్కడ విన్నది, చూసినది మనూరి ఎండ గురించే అనిపించింది, అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా దయచేసి వేసుకోండి.

పిల్లల ఆటల ఊర్లో జంతువుల బాధ ఎవరికి పడుతుంది అనుకుంటూ పోయినాను. కానీ ఆ రాష్ట్రంలో జనం 2018లో ఓట్లేసి కుక్కల పందేలు వద్దన్నారు, 2020 చివరికి గ్రేహౌండ్ జాతి కుక్కల పందేలు బంద్ అయినాయి. అదే ఓర్లాండోలో ఉన్న సీవరల్డ్ అనే సముద్ర జంతువుల పార్కు వాళ్లు 2016లో ఓర్కా తిమింగలాలకు ఇక పిల్లలు పుట్టించం అని ప్రకటించినారు. మన దేశం ఆ విషయంలో ముందే ఉంది, డాల్ఫిన్లతో ఆటలాడించే పార్కులకు 2013లోనే కేంద్రం పర్మిషన్ లేదు పొమ్మంది.

సదస్సులో ఎక్కువ మాటలు కుక్కలు పిల్లుల షెల్టర్ల గురించే, అవి మనకు అంత పనికిరావు, వాటిని వదిలేస్తాను. ఒక పూట మాత్రం పూర్తిగా ఎండ గురించి. బయట 30 డిగ్రీలు ఉంటే మూసిన కారు లోపల పది నిమిషాలకే 40 దగ్గరకు పోతుంది, కుక్కకు చెమట పట్టి ఒళ్లు చల్లబడే దారి లేదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి దిక్కు, ఆ రొప్పు సరిపోకపోతే ప్రాణం పోతుంది. అందుకే ఫ్లోరిడాలో 2016లో చట్టం చేసినారు, కారులో చిక్కుకున్న పసిబిడ్డనైనా పెంపుడు జంతువునైనా కాపాడడానికి పోలీసులకు ఫోన్ చేసి అద్దం పగలగొడితే కేసు ఉండదు.

మరుసటి రోజు డిస్నీ పార్కుకు పోయినాము. అక్కడ పట్టాల మీద ఒక ట్రామ్ బండి, దాన్ని ఒకే గుర్రం లాగుతుంది, మన జట్కా గుర్రానికి రెండింతలు ఉంటుంది. పొద్దున పూట నాలుగు చుట్లు తిప్పి ఎండ ఎక్కేలోగా దాన్ని తోలుకొని పోయినారు. నేను దాని కాళ్లే చూస్తా నిలబడిపోయినాను, లాడం ఇనుముది కాదు, మెత్తగా రబ్బరు మాదిరి ఉంది, రోడ్డు మీద జారకుండా. మా మనవడు ఇంకో ఆటకు పోదాం రా తాతా అని చెయ్యి పట్టి లాగుతాంటే నాకు మాత్రం మా కర్నూలు పాతబస్తీలో చూసిన ఎద్దు గుర్తొచ్చింది.

ఆ ఎద్దు సంగతి చెప్తాను. పోయిన ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రోడ్డు మీద తారు మెత్తబడి ఉంది, ఇనుప కంబీల లోడుతో ఒక ఎడ్లబండి ఆగిపోయింది. ఆరోగ్యంగా ఉండే ఎద్దు ముట్టె ఎప్పుడూ తడిగా చుక్కలు చుక్కలుగా ఉంటుంది, దీనిది ఎండిపోయి పగుళ్లిచ్చింది. నోటి నుంచి నురగ తీగలు తీగలుగా గంగడోలు మీదికి కారుతాంది, కాడి కింద మెడ కదుము కట్టి పచ్చిగా ఉంది. పక్క హోటల్ నుంచి బకెట్లు తెచ్చి తలమీద, కాళ్లమీద పోసినాము, మూడు బకెట్లు తాగింది. బండి ఆయన్ని నేను కోప్పడితే, "నాకు మాత్రం తెలీదా సార్, మూడు లోపల లోడు దించకపోతే బాడుగ ఇయ్యనంటారు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కానీ మన చట్టంలో జవాబు ఉంది. బరువులు లాగే, మోసే పశువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1965లో కేంద్రం రూల్స్ చేసింది. రోజుకు మొత్తం 9 గంటలకు మించి పని చేయించకూడదు, ఏకబిగిన 5 గంటలకు మించకూడదు, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు పనికి కట్టకూడదు. మన కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో 37 దాటని రోజు ఎన్ని ఉంటాయి చెప్పండి, 42, 43 మామూలే. అంటే మన ఎండాకాలం అంతా ఆ మూడు గంటలు ఎద్దుకు, గాడిదకు, గుర్రానికి రెస్ట్ ఇయ్యాల్సిందే, అరవై ఏళ్లుగా ఆ రూలు పుస్తకంలోనే ఉంది. ఇక 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం మొదటిసారి జుల్మానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు, ఇప్పుడు ఆ పది రూపాయలకు సరిగ్గా రెండు టీలు రావు.

ఎద్దుల జతలతో బండరాయి లాగించే బండలాగుడు పోటీల గురించి కూడా ఒక మాట. నేను వాటికి వ్యతిరేకం కాదు, పాలపళ్ల కోడెల నుంచి సీనియర్స్ దాకా ఎన్నో జతలు చూసినాను, బిడ్డల కంటే ఎక్కువ ప్రేమగా సాకే రైతులు నాకు తెలుసు. ఆ రూలు బండ్లకు రాసింది, బండకు వర్తిస్తుందా లేదా అని లాయర్లు వాదించుకోనీ, ఎద్దుకు తగిలే ఎండ మాత్రం ఒకటే. జాతర కమిటీ వాళ్లు పొద్దున పది లోపల కొన్ని జతలు, సాయంత్రం నాలుగు తర్వాత మిగతావి తిప్పితే చూసే జనానికి కూడా వడదెబ్బ తగలదు.

కలెక్టర్ గారికి, మున్సిపల్ కమిషనర్ గారికి నా విన్నపం, వడదెబ్బ జాగ్రత్తలు మైకులో చెప్పించేటప్పుడే ఈ 12 నుంచి 3 రూలు కూడా చెప్పించండి, బండి ఆయనకు కాదు, ముందు సిమెంటు ఇనుము షాపుల వాళ్లకు, కాంట్రాక్టర్లకు చెప్పండి, లోడు టైము పెట్టేది వాళ్లే. ఎండాకాలం వస్తే ప్రతి సెంటర్‌లో చలివేంద్రం పెడతారు, సంతోషం, దాని పక్కనే నీడలో ఒక సిమెంటు తొట్టి కట్టించండి. ఎండల్లో పనిచేసే ఎద్దు రోజుకు 50 లీటర్ల దాకా తాగుతుంది, కాబట్టి తొట్టి చిన్నదైతే లాభం లేదు, రెండు రోజులకోసారి పాచి కడిగే మనిషిని కూడా పెట్టాలి. మా వీధిలో కట్టిస్తే ఆ కడిగే పని నేను చేస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పశువైద్య ఉద్యోగి,
పాతబస్తీ, కర్నూలు