ఆ సేనాని రాసిన ఉత్తరం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి బదులు రాయడంలో ఇంత జాప్యం జరిగినందుకు మన్నించు. ఇక్కడ అందరం క్షేమం, అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గుముఖం పట్టింది, తక్కిన కబుర్లు తరువాత. ఇప్పుడు నీకు చెప్పకుండా ఉండలేని సంగతి చైనా సేనాని పెంగ్ దెహువాయ్ గురించి.

చైనా కమ్యూనిస్టు నేత మావో పుట్టిన షియాంగ్‌తాన్ ప్రాంతంలోనే 1898లో పేద ఇంట పుట్టి, 1928లో పింగ్‌జియాంగ్ తిరుగుబాటు నడిపి, శత్రుసేనల నుంచి తప్పించుకుంటూ కమ్యూనిస్టు సైన్యం సాగించిన ‘సుదీర్ఘ యాత్ర’ నడిచి, 1950లో కొరియా యుద్ధంలో చైనా సేనలకు నాయకత్వం వహించిన మనిషి ఈయన. 1954లో రక్షణ మంత్రి, మరుసటి ఏడు మార్షల్, అంటే సైన్యంలో అత్యున్నత హోదా గలవాడు, అయ్యాడు. (మార్షల్ అనగానే మన హాస్టల్ మార్షల్‌గారిని, ఆయన టార్చిలైటును తలచుకుని నవ్వకు!)

నన్ను పట్టి కుదిపింది 1959లో లూషాన్‌లో జరిగిన కమ్యూనిస్టు పార్టీ నాయకుల సమావేశం. దేశాన్ని ఒక్కసారిగా పైకి తేవాలని మావో చేపట్టిన ‘మహా ముందడుగు’ పేరిట పల్లెల్లో పెరటి కొలిముల్లో ఇనుము కరిగిస్తూ, పండిన పంటను పొలాల్లోనే వదిలేస్తున్న తీరు పెంగ్ అంతకు ముందే స్వయంగా చూసి వచ్చాడు. మాట్లాడదామని వెళితే మావో నిద్రలో ఉన్నాడట. అందుకని జూలై 14న ఉత్తరం రాసి పంపాడు. ముందుగా విజయాలను మెచ్చుకుని, తరువాతే తప్పులను ఎత్తి చూపిన, ఇద్దరి మధ్యే ఉండవలసిన ఉత్తరం అది. మావో దానికి శీర్షిక పెట్టించి, అచ్చు వేయించి, రెండు రోజుల్లో అందరికీ పంచిపెట్టించాడు! జూలై 23న సమావేశంలో మాట్లాడుతూ, సైన్యం తన వెంట రాకపోతే పల్లెలకు పోయి కొత్త ఎర్రసైన్యాన్ని కూడగడతానన్నాడు. పెంగ్ అంతటి యోధుడు ఆత్మవిమర్శ చేసుకోవలసి వచ్చింది, రక్షణ మంత్రి పదవి మరో మార్షల్ లిన్ బియావో చేతికి పోయింది. కొరియాలో మావో కొడుకు చనిపోయింది ఈయన శిబిరంలోనే కదా, ఆ బాధ కూడా మావో మనసులో... ఏమో, అంత దూరం పోను.

తరువాతి కథ చెప్పాలంటే చేయి రావడం లేదు. 1966 డిసెంబరులో రెడ్ గార్డులు, అంటే మావో వెంట నడిచిన యువకుల దళాలు, పెంగ్‌ను పట్టుకుపోయారు, హింసించారు. 1974 నవంబరు 29న నిర్బంధంలోనే చనిపోతే మారుపేరుతో దహనం చేశారు. 1978లో గానీ పార్టీ ఆయన గౌరవాన్ని తిరిగి ఇవ్వలేదు. లిన్ బియావో గతి ఏమైందో కూడా రాద్దామనుకున్నాను, కానీ తపాలా కట్టే వేళయింది, కుర్రవాడు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు.

నీ
మిత్రుడు