పళ్లెం ఎవరికని అడగని కుర్రవాడు

చిరంజీవి రవికి,

అమ్మ ఆశీస్సులు. నాన్నగారికి బీపీ మాత్ర మార్చారు. నీ ఫోను రాక ఆరు వారాలైందని ఈ ఉత్తరం రాయడం లేదు. అటక దులుపుతుంటే నువ్వు బి.ఏ.లో చదివిన పెర్సివాల్ కథ దొరికింది, అందుకు.

క్రెటియెన్ ద త్రొవా అనే ఫ్రెంచి కవి దాన్ని 12వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టి, ముగించకుండానే వదిలేశాడట. కథలో పెర్సివాల్‌కు కత్తి పట్టిన ఇద్దరన్నలు పోయారు, ఆ దిగులుతో తండ్రీ పోయాడు. అందుకే తల్లి వాడిని అడవిలో దాచి పెంచింది. ఒకనాడు అటు వచ్చిన వీరుల కవచాల మెరుపు చూశాడు, ఇక ఇంట్లో నిలవలేదు. ఆవిడ జనపనార బట్టలు కుట్టి పంపింది. వంతెన దగ్గర ఆమె కూలిపోతే వెనక్కి తిరిగి చూశాడు కూడా. చూసి, గుర్రాన్ని అదిలించాడు. ఇది నీ గురించి కాదు.

గోర్నమాన్ అనే పెద్దమనిషి ఆ బట్టలు మార్పించి (నాకు అక్కడే నచ్చలేదు), ఎక్కువ మాట్లాడకు అన్నాడు. తర్వాత, గాయంతో గుర్రమెక్కలేక చేపలు పట్టుకునే రాజు ఇంట విందు. మొనన రక్తం కారే బల్లెం వెళ్లింది. వెనకే ఒక అమ్మాయి బంగారు గ్రాల్ తెచ్చింది. నువ్వు గిన్నె అనేవాడివి. ఇక్కడ మాత్రం చేపలు వడ్డించేటటువంటి వెడల్పాటి పళ్లెం. క్రీస్తు కడపటి విందు పాత్రగా చేసింది తర్వాతి కవి రాబర్ట్ ద బోరాన్. జర్మన్ కవి వోల్ఫ్రామ్ అది రాయి అన్నాడు. ఏదైతేనేం, కొత్త వంటకం వచ్చినప్పుడల్లా అది ముందునుంచి వెళ్లింది. ఎవరికని వీడు అడగలేదు. పొద్దున అడుగుదాంలే అనుకున్నాడు. పొద్దునకు కోట ఖాళీ. అడిగి ఉంటే రాజు కోలుకునేవాడు!

తల్లిని ఏడిపించిన పాపమే నాలుక కట్టేసిందని సన్యాసి మేనమామ తేల్చాడు. నేనొప్పుకోను. నోరు మూసుకోమన్న పెద్దవాళ్లను వదిలేస్తే ఎలా? పద్మ పెళ్లిలో "బాబాయి ఎందుకు ఏడుస్తున్నాడు?" అని నువ్వడిగితే తొడపాశం పెట్టింది నేనే. ఆ సంగతి మనకు ఎంత ఆలస్యంగా తెలిసిందో నీకు తెలుసు.

సుందరత్తయ్య కొడుకు ఏదేదో చెప్పాడు. పుకార్లు నేను పట్టించుకోను. మానేసే ముందు ఇంకొకటి చేతిలో ఉంచుకోవాలి, ఆరోగ్య బీమా చూసుకోవాలి, నెలకింతని పక్కన పెట్టుకోవాలి... సరే, ఆపుతాను. మానేశావా? రాత్రిళ్లు ఏం తింటున్నావు?

కందిపొడి, రెండు చొక్కాలు పంపుతున్నాను. చేతులు పొడుగైతే మడిచి కుట్టించుకో. ఎవరికీ ఇచ్చేయకు.

అమ్మ